మనసుకూ దేశకాలాలున్నాయి

ఏ వ్రతమైనా, ఏ అర్చనైనా సంకల్పంతోనే ఆరంభమవుతుంది. మా సబ్బవరంలో ఆలయానికి వచ్చిన గృహస్థు చేత ఆచమనం చేయించి, ముందుగా అతడు నిలిచిన చోటును చెప్పిస్తాము. మేరువుకు దక్షిణంగా, శ్రీశైలానికి ఈశాన్యంగా, గంగా గోదావరుల నడుమ ఉన్న ఈ ప్రదేశమని చెప్పిస్తాము. పిమ్మట సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం, నక్షత్రం. ఆ తరువాతనే గోత్రం, పేరు. కోరిక చిట్టచివర వస్తుంది. సర్వాంతర్యామి అయిన భగవంతునికి మన చిరునామా తెలియక కాదు. చేయబోయే పని ఎక్కడ, ఎప్పుడు, ఎవరి కోసం చేస్తున్నామో మనకు గుర్తుండాలని పెద్దలు పెట్టిన నియమమది.

కొబ్బరికాయ కొట్టడానికే ఇంతటి దేశకాల విచారణ ఉన్నప్పుడు, కోపగించడానికీ, దుఃఖించడానికీ, ఓర్చుకోవడానికీ ఉండదా? ఈ ప్రశ్న నాకు గ్రంథపఠనం వల్ల కలిగినది కాదు. నేను చేసిన ఒక పొరపాటు వల్ల కలిగినది.

వేళగాని వేదాంతం

సుమారు ముప్పై ఏళ్ల కిందటి మాట. మా ఊరికి సమీపంలోని ఒక పల్లెలో, ఆలయానికి నిత్యం వచ్చే ఒక రైతు ఎదిగిన కొడుకును పోగొట్టుకున్నాడు. కర్మకాండ జరిపించేవారు వేరు. నేను పరిచయం కొద్దీ మూడవనాడు పరామర్శకు వెళ్లాను. ఇంటినిండా బంధువులు. ఆయన అరుగు మీద స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. నన్ను చూడగానే పెదవులు వణికాయి. అప్పుడు నాకు వయసు తక్కువ, చదువు మీద అభిమానం ఎక్కువ. ఆత్మకు చావు లేదనీ, పుట్టినవానికి మరణం తప్పదనీ, వివేకి అయినవాడు దీనికి శోకించరాదనీ అరగంటసేపు గీతార్థం చెప్పాను. చుట్టూ ఉన్నవారు తలలూపారు. ఆయన కన్నీరు తుడుచుకుని చేతులు జోడించాడు. నా మాటలతో ఆయనకు ఊరట కలిగిందనుకుని, చెరువులో స్నానం చేసి ఇంటికి వచ్చాను.

ఆ తరువాత నాలుగేళ్లపాటు ఆయన ఆలయం గడప తొక్కలేదు. తొక్కిన రోజున, ప్రసాదం అందుకుని నెమ్మదిగా ఒక్క మాట అన్నాడు: "ఆ రోజు నన్ను ఏడ్వనిచ్చారు కాదు పంతులుగారూ. అంతమంది ముందర మీ మాట కాదని ఎలా ఏడుస్తాను?"

నేను చెప్పినదానిలో అబద్ధం లేదు. శాస్త్రం తప్పలేదు. తప్పినది వేళ.

రామచంద్రుని రెండు ముఖాలు

ఆ రాత్రి నిద్రపట్టక రామాయణం తెరిచాను. చిన్నప్పటి నుంచి పారాయణ చేస్తున్న అయోధ్యాకాండలోనే, నేను ఏనాడూ నిలిచి ఆలోచించని ఘట్టం ఒకటి కనిపించింది.

పట్టాభిషేకం జరగవలసిన ఉదయం కైకేయి వనవాసపు మాట చెబుతుంది. రాముని ముఖంలో వికారం లేదు. తండ్రి మాట నెరవేరుస్తానని ప్రశాంతంగా పలికి వెలుపలికి వస్తాడు. దారిలో ఎదురైన వారెవరికీ ఆయనలో మార్పు కనిపించదు. మనం ఉపన్యాసాలలో చెప్పుకునే స్థితప్రజ్ఞత ఇదే. కాని వాల్మీకి అక్కడితో ఆపలేదు. అదే రోజున సీత మందిరంలో అడుగుపెట్టి ఆమెను చూడగానే, అంతవరకూ దాచుకున్న శోకాన్ని రాముడు ఇక ఓర్చుకోలేకపోయాడనీ, అది బయటపడిపోయిందనీ మహర్షి స్పష్టంగా చెప్పాడు. వన్నె తగ్గిన భర్త ముఖాన్ని చూసి సీత కలవరపడి, ఏమైందని అడుగుతుంది.

మనిషి ఒక్కడే, రోజు ఒక్కటే, వార్తా ఒక్కటే. కైకేయి ఎదుట నిబ్బరం, సీత ఎదుట శోకం. ఇందులో ఏది నిజమైన రాముడు? రెండూ. కైకేయి ముందు దుఃఖం చూపితే తండ్రి సత్యానికి భంగం. నగరవీథిలో చూపితే ప్రజలలో కల్లోలం. భార్య దగ్గర కూడా దాచితే, అది దాంపత్యం కాదు. ఏ స్థలానికి ఏది ధర్మమో ఆ మనసు ఎరిగినది. సీతాపహరణం తరువాత చెట్టునూ పుట్టనూ అడుగుతూ విలపించినవాడూ ఆయనే. సముద్రుని ఎదుట మూడు రాత్రులు వినయంగా నిరీక్షించి, ఆపైన విల్లు అందుకున్నవాడూ ఆయనే. నిరీక్షణ అయిన తరువాత వచ్చిన ఆ కోపం కార్యసాధకమైనది.

గీత విన్నవాడు కన్నీరు పెట్టలేదా?

నేను ఆ రైతుకు చెప్పిన గీతనే మళ్లీ తీశాను. మొదటి అధ్యాయానికి పేరే అర్జున విషాదయోగం. విషాదాన్ని కూడా యోగమన్నారు. వణుకుతున్న చేతులతో, జారిపోతున్న గాండీవంతో అర్జునుడు తన గుండెలోని బరువంతా చెప్పుకునే వరకు శ్రీకృష్ణుడు అడ్డుపడలేదు. తరువాత క్లుప్తంగా హెచ్చరించాడే కాని, ఆత్మతత్త్వాన్ని ఆరంభించలేదు. నేను నీ శిష్యుడను, నాకు దారి చెప్పుమని అర్జునుడు శరణు వేడిన తరువాతనే, రెండవ అధ్యాయం పదకొండవ శ్లోకంతో, ఆ మహోపదేశం మొదలయింది. ముందు వినడం, తరువాత అడిగించుకోవడం, చివరకు చెప్పడం. నేను మొదటి రెండు మెట్లూ దాటవేసి మూడవదాని మీద కూర్చున్నాను. ఆ రైతు నన్ను ఏమీ అడగలేదు.

ఇంకొక సంగతి. ఆ గీతామృతాన్ని భగవంతుని నోటనే విన్న అర్జునుడు, యుద్ధం పదమూడవనాటి సాయంకాలం అభిమన్యుని మరణవార్త విని కుప్పకూలి విలపించాడు. గీత విని పదమూడు దినాలయినా కాలేదు, ఇంతలోనే మరచితివా అని కృష్ణుడు ఎత్తిపొడవలేదు. వెనుదిరగని వీరులకు ఇదే మార్గమని చెప్పి, నిన్ను ఈ స్థితిలో చూసి నీ సోదరులు, మిత్రులు కుంగిపోతున్నారు, వారిని ఓదార్చుమన్నాడు. కురుక్షేత్రపు ఉదయాన చెప్పిన మాట వేరు, కొడుకు పోయిన సాయంకాలాన చెప్పిన మాట వేరు. చెప్పినవాడు ఒక్కడే, విన్నవాడూ ఒక్కడే.

కోపానికి తొలి నమస్కారం

కోపం మాటకు వద్దాం. కోపం పాపమనీ, ఓర్పు పుణ్యమనీ మనం పిల్లలకు ఒక్క వాక్యంలో నేర్పుతాము. శ్రీరుద్రాన్ని నిత్యం పఠించేవారికి ఒక విషయం తెలిసే ఉంటుంది. ఆ నమకంలో మొట్టమొదటి నమస్కారం పరమేశ్వరుని మన్యువుకు, అంటే ఆయన కోపానికి. ఆ వెనుకనే బాణానికి, ధనుస్సుకు, బాహువులకు. వేదం కోపం లేదని బొంకలేదు. దానికి చేతులు జోడించి, శాంతమైన తనువుతో మమ్ము చూడుమని ప్రార్థించింది. ఉన్నదాన్ని ఉన్నదని గుర్తించడం శాంతికి తొలిమెట్టు.

మహాభారతం అరణ్యపర్వంలో ద్రౌపది ధర్మరాజును ప్రశ్నిస్తుంది. ఇంత అవమానం జరిగినా మీకు కోపమెందుకు రాదని అడుగుతూ, ఒక ప్రాచీన సంవాదాన్ని ఉదాహరిస్తుంది. బలిచక్రవర్తి తన తాతను అడిగాడట, ఓర్పు మేలా, తీక్ష్ణత మేలా అని. ఎల్లవేళలా తీక్ష్ణత మేలు కాదు, ఎల్లవేళలా క్షమ కూడా మేలు కాదని ఆయన సమాధానం. ఎప్పుడూ ఓర్చుకునేవానిని సేవకులు కూడా లెక్కచేయరనీ, ఎప్పుడూ మండిపడేవానిని సొంతవారే వదిలిపోతారనీ వివరించాడు. పూర్వం ఉపకారం చేసినవారిని, తెలియక తప్పు చేసినవారిని, మొదటిసారి తప్పినవారిని క్షమించాలి. తెలిసి చేసి తెలియదని బుకాయించేవారిని, మళ్లీ మళ్లీ చేసేవారిని కాదు. దేశాన్ని, కాలాన్ని, తన బలాబలాలను చూసుకుని నడుచుకోవాలన్నాడు. ఈ మాట చెప్పిన తాత ఎవరో కాదు, ప్రహ్లాదుడు. తండ్రి పెట్టిన చిత్రహింసలన్నిటినీ చిరునవ్వుతో సహించినవాడే, ఓర్పుకూ హద్దు ఉన్నదని చెప్పాడు. ధర్మరాజు మాత్రం క్షమ గొప్పతనాన్నే బదులుగా కీర్తించాడు. వ్యాసుడు ఇద్దరి మాటలనూ మన ముందుంచాడు. విచారించుకోవలసినది మనం.

పతంజలి మహర్షి ఇదే సంగతిని యోగసూత్రాలలో ఇంకా క్లుప్తంగా చెప్పాడు. చిత్తం నిర్మలం కావడానికి ఒకే మందు ఇవ్వలేదు, నాలుగు ఇచ్చాడు. సుఖంలో ఉన్నవారి పట్ల మైత్రి, దుఃఖంలో ఉన్నవారి పట్ల కరుణ, పుణ్యాత్ముల పట్ల సంతోషం, పాపుల పట్ల ఉపేక్ష. ఎదుట ఉన్నది ఏదో చూసి మనసు తన భంగిమ మార్చుకోవాలి. దుఃఖితుని దగ్గర ఉపేక్ష చూపితే కాఠిన్యం. పక్కింటివారి పిల్లవానికి ఉద్యోగం వచ్చినప్పుడు కరుణ చూపబోతే, అది అసూయకు వేసిన ముసుగు.

నేటి శాస్త్రం మాట

విశేషమేమిటంటే నేటి మనస్తత్వ శాస్త్రం కూడా ఈ తోవకే వచ్చింది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జేమ్స్ గ్రాస్ 1998లో ఉద్వేగ నియంత్రణకు ఐదు తావులున్నాయని వివరించాడు. ఏ పరిస్థితిలోకి వెళ్లాలో ఎంచుకోవడం, వెళ్లిన పరిస్థితిని మార్చుకోవడం, దృష్టిని మళ్లించుకోవడం, జరిగినదాన్ని మరొక విధంగా భావించుకోవడం, చివరకు బయటపడే భావాన్ని అదుపు చేసుకోవడం. నాలుగవది మన ప్రతిపక్షభావనకు దగ్గరి చుట్టం.

జరిగినదాన్ని మరొక విధంగా భావించుకోవడం అన్నిచోట్లా మేలేనని చాలాకాలం అనుకున్నారు. 2013లో అల్లిసన్ ట్రాయ్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు ప్రకటించిన అధ్యయనం దానికి హద్దు చూపింది. మన చేతిలో లేని కష్టం వచ్చినప్పుడు ఈ నేర్పు ఉన్నవారిలో కుంగుబాటు తక్కువగా కనిపించింది. మన చేతిలో ఉన్న, మార్చగలిగిన కష్టం వచ్చినప్పుడు అదే నేర్పు ఉన్నవారిలో కుంగుబాటు ఎక్కువగా కనిపించింది. కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన జార్జ్ బొనానో బృందం 2001 సెప్టెంబరు దాడుల అనంతరం న్యూయార్క్‌లోని కళాశాల విద్యార్థులను పరిశీలించి, 2004లో మరొక సంగతి వెల్లడించింది. భావాన్ని బాగా వ్యక్తం చేయగలిగి, అవసరమైతే బాగా అణచుకోనూ గలిగినవారే, రెండేళ్లు గడిచేసరికి తక్కువ వేదనతో ఉన్నారు. కేవలం అణచడం కాదు, కేవలం వెళ్లగక్కడం కాదు. రెండూ చేతనయి, వేళ ఎరిగి వాడగలగడం.

ఇది చదివినప్పుడు నాకు మన ఆడపడుచులు గుర్తుకు వచ్చారు. తాగివచ్చి కొట్టే భర్తను గురించి ఆలయంలో కన్నీళ్లతో చెప్పుకునే ఇల్లాలికి, అది పూర్వజన్మ కర్మ, ఓర్చుకో తల్లీ అని చెప్పడం మనలో చాలామందికి అలవాటు. అది మార్చగలిగిన కష్టం. అక్కడ కావలసినది వేదాంతం కాదు, పుట్టింటివారి అండ, పెద్దల మందలింపు, అవసరమైతే చట్టం. మార్చవలసిన చోట ఓర్పును బోధించడం ఆమెను మరింత లోతుకు తోయడమే. ఆ పాపంలో చెప్పినవారికీ భాగముంటుంది.

2025 ఏప్రిల్ 30, అక్షయ తృతీయ. సింహాచలంలో చందనోత్సవం నాటి తెల్లవారుజామున, ఈదురుగాలి వానలో గోడ కూలి, వరుసలో నిలిచిన ఏడుగురు భక్తులు మరణించారు. స్వామి సన్నిధిలో పోయారు, ధన్యులు అని కొందరు ఆనాడు అన్నారు. భక్తితో అన్నమాటే కావచ్చు. మరణాన్ని వెనుకకు తేలేము గనుక, ఏదో ఒకనాడు ఆ ఇంటివారు తామే ఆ భావంతో ఊరట పొందితే పొందవచ్చు. కాని ఆ ఉదయాన పరాయివారు అనవలసిన మాట కాదది. పైగా గోడ సంగతి మానవుల చేతిలోనిది. దాని విషయంలో రావలసినది ధర్మమైన ఆగ్రహం, మళ్లీ జరగకూడదనే పట్టుదల. ఒకే ఘటనలో దుఃఖానికి ఓదార్పు, నిర్లక్ష్యం మీద కోపం రెండూ తగినవే. ఒకదానిని మరొకదానితో కప్పివేయరాదు.

పెద్దలు కట్టిన గట్లు

మన ఆచారాలను ఈ కంటితో చూస్తే ఎంత లోకజ్ఞత కనిపిస్తుందో! పెళ్లిలో అల్లుడు అలగడానికి అలకపాన్పు వేశారు. కోపానికి ఒక మంచం, ఒక గడువు, తీర్చడానికి ఒక కానుక. అదే పెళ్లిలో అంతవరకూ వియ్యాలవారి మీద పరిహాసాలాడిన ఆడవారే, అప్పగింతల వేళ కన్నీరు మున్నీరవుతారు. అప్పుడు ఏడవని తల్లిని లోకం వింతగా చూస్తుంది. తలంబ్రాల వేళ ఏడ్చినా వింతగానే చూస్తుంది. చావు ఇంట పదిరోజుల అశౌచం అంటే మైల మాత్రమే కాదు. ఆ పదిరోజులు ఆ ఇంటివారిని లోకం పని అడగదు, నవ్వమనదు. బంధువులు వస్తారు, తలచుకుంటారు, ఏడుస్తారు. పదకొండు, పన్నెండు దినాల క్రియలు ముగిసిన తరువాత మెల్లగా చేయిపట్టి లోకంలోకి తీసుకువస్తారు. దుఃఖానికి తలుపు తెరిచిందీ ఆచారమే, దానికి గట్టు కట్టిందీ ఆచారమే.

ఆ గట్లు లేనప్పుడు ఏమవుతుందో 2021 వేసవిలో కళ్లారా చూశాము. కరోనా రెండవ విడతలో పోయినవారికి పరామర్శలు లేవు, నలుగురు మోసేవారు లేరు, కడసారి చూపు కూడా లేని ఇళ్లున్నాయి. ఏడాది దాటిన తరువాత కూడా తద్దినం నాడు అప్పుడే వార్త విన్నవారిలా రోదించినవారిని నేను ఎరుగుదును. వారి మనోబలం తక్కువై కాదు. ఏడవవలసిన వేళ, ఏడవవలసిన చోటు, ఏడవవలసిన మనుషులు వారికి దక్కలేదు.

చందనం చెప్పే పాఠం

మాకు దగ్గరలోని సింహాద్రి అప్పన్న ఏడాది పొడుగునా చందనం కప్పుకుని ఉంటాడు. అక్షయ తృతీయ నాడు ఆ చందనాన్ని ఒలిచి నిజరూప దర్శనం ఇస్తాడు. అటుపై అదేనాడు, వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణములలో మూడేసి మణుగుల చొప్పున, నాలుగు విడతలుగా మళ్లీ చందన సమర్పణ జరుగుతుంది. పుట్టమన్ను తొలగించి స్వామిని దర్శించిన పురూరవ చక్రవర్తి, ఆ మన్నుకు బదులు చందనం సమర్పించాడని స్థలపురాణం. ఉగ్రమూర్తిని చల్లబరచడానికే ఈ పూత అని భక్తుల విశ్వాసం. గమనించండి, చల్లదనం ఒక్కనాడే పూర్తికాదు. విడతలు విడతలుగా, తిథి చూసి, పూతపై పూతగా అందుతుంది. సంవత్సరంలో ఒకనాడు నిజరూపం కనబడటానికి కూడా చోటుంది.

భాగవతం సప్తమ స్కంధంలో హిరణ్యకశిపుని చంపిన తరువాత నరసింహుని కోపం చల్లారలేదు. దేవతలు దూరం నుంచే స్తుతించారు. సాక్షాత్తు లక్ష్మీదేవియే చేరడానికి జంకింది. అప్పుడు బ్రహ్మ పిల్లవాడైన ప్రహ్లాదుని పంపాడు. ఆ బాలుడు ఏ ఉపదేశమూ చేయబోలేదు. దగ్గరకు వెళ్లి పాదాల మీద వాలాడు. స్వామి ఆ తల మీద చేయి వేశాడు. ఎన్ని స్తోత్రాలకూ లొంగని కోపం, తగినవాడు తగిన తీరున చేరువైనప్పుడు కరిగింది.

కనుక ఇంట్లో మాట పెరిగినప్పుడు, ఎవరైనా కన్నీరు పెట్టినప్పుడు, నోరు తెరిచే ముందు మనసులోనే ఒక చిన్న సంకల్పం చెప్పుకుందాం. నేను ఉన్నది ఎక్కడ? ఇది ఏ వేళ? ఎదుట ఉన్నది ఎవరు? ఈ కష్టం మార్చగలిగినదా, ఓర్చవలసినదా? ఈ నాలుగూ విచారించేలోగా సగం తప్పులు తప్పిపోతాయి.

ఆ రైతు సంగతి చెప్పి ముగిస్తాను. ఆయన ఆ మాట అన్న నాడు నేను గర్భగుడి తలుపులు వేసి, ఆయన పక్కనే మండపంలో కూర్చున్నాను. మధ్యాహ్నం కావడంతో ఎవరూ లేరు. "మీ అబ్బాయి ఎలా ఉండేవాడు?" అని మాత్రం అడిగాను. ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. చెబుతూ చెబుతూ నాలుగేళ్ల ఏడుపు ఏడ్చాడు. నేను ఒక్క శ్లోకం కూడా చదవలేదు. చివరకు పైకండువాతో ముఖం తుడుచుకుని, లేచి, ధ్వజస్తంభానికి మొక్కి, రేపు వస్తానని వెళ్లాడు.

మరునాడు వచ్చాడు. ఆ తరువాత కొన్నాళ్లకు తానే అడిగాడు, గీతలో ఆ ఆత్మ సంగతి మళ్లీ ఒకసారి చెప్పమని. అప్పుడు చెప్పాను.